డెస్మండ్ రిమోట్ నొక్కితే నయాగరా ఆగింది

డెస్మండ్ కిష్ నోరు విప్పాడంటే కెనడాలోని హామిల్టన్‌లో ఆ పూటకి పనులన్నీ అయిపోయినట్టే. అతను చేసేదేమీ ఉండదు, చెప్పేది మాత్రం బోలెడు. శనివారం మధ్యాహ్నం బార్టన్ వీధి డోనట్ షాపులో, లైనక్స్ కంప్యూటర్ల పిచ్చివాళ్లు వారం వారం చేరే బల్ల దగ్గర అతను కుర్చీ వెనక్కి వాల్చి కూర్చుని ఉండగా, థెల్మా గ్రబోవ్‌స్కీ కోటు మీది మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చింది.

ఆమెకి కంప్యూటర్లతో పని లేదు. కావలసింది రిమోట్. భర్త కాజ్‌కి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చేతి బొటనవేలు ఒక్కటే చెప్పిన మాట వింటుంది. టీవీనీ, కేబుల్ పెట్టెనీ, స్పీకర్లనీ ఒక్క బటన్‌తో వెలిగించే రిమోట్ ఉండేది, ఆ వేలితోనే హాకీ చూసుకునేవాడు. టీవీ పాడై కొత్తది కొన్నారు. కొత్త టీవీ సంగతి ఆ రిమోట్‌కి నేర్పాలంటే కంప్యూటర్‌కి తగిలించాలి. దాన్ని తయారు చేసినవాళ్లు ఎప్పుడో చేతులు దులుపుకున్నారు. ఇక మిగిలింది తమకి కావలసిన ప్రోగ్రాములు తామే రాసుకునే ఈ లైనక్స్ వాళ్లే. "నాకివ్వు, చిటికెలో పని" అని డెస్మండ్ పట్టుకుపోయినప్పుడు ఊళ్లో ఇంకా మంచు పడలేదు. అప్పటినుంచీ థెల్మా ఆసుపత్రిలో నేలలు తుడిచి ఇల్లు చేరేదాకా కాజ్ నల్లటి తెర ముందు కూర్చునే ఉంటున్నాడు.

"రిమోట్ ఏదీ?" అంది థెల్మా నిలబడే.

డెస్మండ్ జేబులోంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టి, మీద చెయ్యి వేశాడు.

"కూర్చో థెల్మా. దీని వెనక పెద్ద కథే ఉంది."

"ఉండదూ మరి!" అన్నాడు గస్. ఉక్కు మిల్లులో క్రేన్ నడిపిన ముసలాయన, ఆ బల్ల దగ్గర అందరికన్నా పెద్దవాడు.

"చేసింది చిన్న పనే, అబద్ధం ఎందుకు చెప్పాలి," అని మొదలుపెట్టాడు డెస్మండ్. "వైరు తగిలించాను, కొత్త టీవీ వివరాలు రాశాను, రిమోట్‌లోకి పంపించాను. కాఫీ పెట్టుకుందామని లేస్తూ ఊరికే బటన్ నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా టీవీ వెలిగింది, మా టీవీయే కాదు, గోడ అవతల పోర్చుగీసావిడ టీవీ వెలిగింది, ఆవిడ వంటింట్లో పొయ్యి వెలిగింది, పొయ్యి మీద ఉత్త నీళ్లుంటే అవి చేపల పులుసు అయిపోయాయి."

"ఒరేయ్, రిమోట్ వెలుగుకి దుప్పటి అడ్డం పెడితేనే దాటదు. గోడ ఎలా దాటిందిరా?"

"కొట్లో కొన్నట్టు ఉంటే దాటదు గస్. లైనక్స్‌లో నేను రాస్తే దాటుతుంది. దాటి ఊరుకుందా? మా వీధిలో కారు షెడ్ల తలుపులన్నీ ఒక్కసారి పైకి లేచాయి, చర్చిలో జనం లేచినట్టు. ఇదేదో చూద్దామని చానల్ బటన్ నొక్కాను. కాలువ మీద వంతెన లేదూ, ఓడ వస్తే పైకి లేస్తుందే, అది లేచింది. ఓడ లేదు పాడూ లేదు, అయినా లేచింది. దించుదామంటే దిగదు. అటు వాళ్లు అటు, ఇటు వాళ్లు ఇటు. నేనే ఒడ్డుకి వెళ్లి, ఇదిగో ఇలా చెయ్యి చాపి దించాను. వంతెన కాపలావాడు నాకు టోపీ తీశాడు."

"కాజ్ టీవీ వెలుగుతుందా?" అంది థెల్మా.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. తిరిగొస్తూ మిల్లు వైపు చూపించి నొక్కాను. ఆరిపోయిన కొలిమి భగ్గుమంది!"

గస్ కప్పు కింద పెట్టాడు. ఆ కొలిమి ఆరిననాడు పని పోయి గేటు బయట నిలబడ్డవాళ్లలో అతనూ ఉన్నాడు.

"వెలిగించావు కదా, సంతోషం," అన్నాడు. "పనిలో పని, మాకు ఎగ్గొట్టిన పింఛను వైపు కూడా ఒకసారి చూపించి నొక్కు. గోడలు దాటే రిమోట్ కదా, మేనేజర్ల జేబులు దాటదా?"

డెస్మండ్ రిమోట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దానికి వేరే బటన్ ఉంది. ముందు ఇది విను. ఆదివారం నయాగరా దాకా వెళ్లాను. పాజ్ నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జలపాతం గాలిలో ఆగిపోయింది! పడవలో రెయిన్‌కోట్లు తొడుక్కుని నిలబడ్డవాళ్లు పొడిపొడిగా ఉండి, డబ్బు వాపసు ఇమ్మని గొడవ. అవతలి ఒడ్డు నుంచి అమెరికా వాళ్లు, అయ్యా, మా వైపు నీళ్లు మాకు వదలండి అని నన్ను బతిమాలడం. పోనీలే అని వదిలాను. ఇంటికొచ్చి చూస్తే వాకిలంతా మంచు. వెనక్కి తిప్పే బటన్ నొక్కాను, పడిన మంచు పడినట్టే పైకి లేచి మబ్బులోకి..."

థెల్మా అరచేత్తో బల్ల మీద కొట్టింది. కప్పులు ఎగిరాయి.

"చాలించు. నయాగరా సంగతి నయాగరా చూసుకుంటుంది. ఆ గోడ మీద ఆర్పి ఉన్న టీవీ మా ఇంట్లో ఉన్న రకమే. వెలిగించు చూద్దాం."

డెస్మండ్ నొక్కాడు. లేచి దగ్గరికెళ్లి నొక్కాడు. టీవీ నల్లగానే ఉంది.

"దీనికి పెద్ద పనులు అలవాటయ్యాయి," అన్నాడు. "చిల్లర పనులకి దిగి రావాలంటే కాస్త టైము పడుతుంది. నమ్మకపోతే ఇదిగో, నేను పంపిన ప్రతిసారీ కంప్యూటర్ ఎంత పొగిడిందో చూడండి. తెర పట్టలేదు!"

తన ల్యాప్‌టాప్ తెరిచి వాళ్ల వైపు తిప్పాడు. నిజమే, పైనుంచి కిందిదాకా అక్షరాలే. బల్ల చివర కూర్చున్న ఇవెట్ లరోక్, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, కళ్లజోడు పెట్టుకుని ముందుకి వంగింది.

"ప్రతి వరసా ఒకటే డెస్మండ్. 'అనుమతి లేదు.' మళ్లీ 'అనుమతి లేదు.' నువ్వు పంపడం, అది పొమ్మనడం. ఇలాంటి పనికి కంప్యూటర్ యజమాని పాస్‌వర్డ్ ఇవ్వాలి, నువ్వు ఇవ్వలేదు. రిమోట్‌లోకి ఒక్క ముక్క వెళ్లలేదు."

"మరి ఇంత రాసిందే?"

"లైనక్స్‌లో పని జరిగితే అది నోరెత్తదు. జరగనప్పుడే వాగుతుంది."

"అయితే అచ్చం నీ పోలికే డెస్మండ్," అంది థెల్మా. "చేతకాలేదని ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇంకొకళ్ల కాళ్లు పట్టుకునేదాన్ని. మా ఆయన రోజంతా సోఫా చేతిని నొక్కుతూ కూర్చుంటున్నాడు, తెలుసా? అది బటన్ అనుకుని కాదు. ఇంకేం చెయ్యాలో తోచక."

ఇవెట్ రిమోట్‌ని వైరుతో ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఒక వరస టైపు చేసి, దాన్ని డెస్మండ్ ముందుకి తోసింది.

"పాస్‌వర్డ్."

అతను కొట్టాడు. "అక్షరాలు పడటం లేదే?"

"పడవు, పాస్‌వర్డ్ కదా. కానివ్వు."

కానిచ్చాడు. కంప్యూటర్ ఏమీ అనలేదు. తెర మీద ఖాళీ వరస ఒకటి వచ్చి నిలబడింది, అంతే. థెల్మా వైరు పీకి, ఎడమ బొటనవేలితో నొక్కింది.

గోడ మీద టీవీ వెలిగింది.

ఆమె రిమోట్‌ని కోటు లోపలి జేబులో పెట్టుకుని, ఇవెట్ భుజం ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, తలుపు వైపు నడిచింది. ఆట మొదలయ్యేలోగా ఇల్లు చేరాలి. బయట అడుగు పెట్టిందో లేదో, వెనక నుంచి డెస్మండ్ గొంతు వినబడింది.

"చూశారా? ఆ పాస్‌వర్డ్ ఎవరిదనుకున్నారు!"