ఇంజన్లోకి స్క్రూ యాడ నుంచి వచ్చె

"తాతా, నువ్వు శెట్టి బండి తోలేటప్పుడు ఇంజన్లో స్క్రూ పడిందంట గదా. అదెట్ల కనుక్కున్నారో చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుంటా."

ఫోను ఈడనే పెట్టినావా? నేను గట్టిగా మాట్లాడల్నా, మామూలుగా మాట్లాడితే సాలునా? సరే. స్క్రూ పడింది అని ఒగ మాటలో అనేసినావు గాని, దాంతో నా పరువు గూడా పోయేటట్టుండె తల్లీ.

అప్పుడు మనం పత్తికొండలో ఉంటిమి. టమోటా మండీ పెట్టుకున్న సుబ్బయ్యశెట్టి అని ఉండె, నీకు తెల్దులే, నువ్వు అప్పటికి పుట్టనే లేదు... లేలే, పుట్టినావు, పాకుతాండావు. ఆయన డీజిలు బండికి నేను డ్రైవరు. చేన్ల కాడికి పోయేది, గంపలు ఎక్కించుకునేది, మండీకి తోలేది. అప్పుడు టమోటా ధర ఎట్లుండెనంటే, ఒగ దినం గంప అమ్మితే టీ నీళ్లకు సాలదు, ఇంగొగ దినం గంపకు కావలి పడుకోవల్ల. ధర లేని దినం రైతులు రోడ్డు మిందనే పారబోసి పోతాండ్రి, ఆ రసంలో నా బండి చక్రాలు జారుతాండె. ఒగసారి మీ మామ గూడా... అది వద్దులే, అది వేరే కత.

యాడున్నా? ఆ, దసరా పోయినంక. దేవనకొండ పక్కనుంచి లోడుతో వస్తాండా. ఎగువ ఎక్కుతాంటే ఉన్నట్టుండి ఇంజన్లో టక్ టక్ టక్ టక్ అని, ఎవడో సుత్తి తీసుకోని కొడతాండేట్ల. ఎనక అంతా పొగ. బండి లాగల్యా. టక్కున ఆపేసి, దిగి, ఆయిలు చూసే కమ్మీ తీసి చూసినా. ఆయిలు సరిగ్గా ఉండాది. మరి ఏమైందప్పా దీనికి అనుకుంటి.

తాడు కట్టి దస్తగిరి షెడ్డుకు లాగించినాము. దస్తగిరి అంటే దూదేకుల సాయిబు, నాకంటే పెద్దోడు, మంచి మేస్త్రీ, మాట తక్కువ. శెట్టి వచ్చె, ఎనకనే మండీలో వాళ్లంతా వచ్చిరి. వచ్చీ రావడమే శెట్టి అన్న మాట ఏంది? "ఆయిలు లేకుండా తోలి బేరింగులు పట్టేయించినావు మద్దిలేటీ!" అని. "ఆయిలు ఉండాది సావుకారీ, చూడు" అంటే, "బండి ఆగినంక పోసింటావు" అనె. తాటిచెట్టు కింద కూర్చోని పాలు తాగినా కల్లే అంటారు గదా, అట్లయ్యె నా గతి.

డ్రైవరుకు ఆ పేరు వచ్చిందంటే అయిపాయె తల్లీ. ఆయిలు చూసుకోనోడు అని ఒగసారి అనిపించుకుంటే పత్తికొండలోనే గాదు, ఆదోనిలో గూడా ఎవడూ తాళం చెవి చేతికియ్యడు. నాకు బండి తోలడం తప్ప ఇంగో పని రాదు. శెట్టి ఊరికే ఉండకుండా, "ఆంజనేయసామి గుడి కాడ తడిగుడ్డలతో ప్రమాణం చెయ్యి, అప్పుడు నమ్ముతా" అనె. మా తట్టు పద్ధతి తెలుసు గదా, నెత్తిన నీళ్లు కుమ్మరించుకోని, తడిగుడ్డలతోనే గుళ్లోకి పోయి, ఎలిగే కర్పూరాన్ని చేత్తో ఆర్పి చెప్పల్ల. అబద్ధమైతే ఇంటికి చేటు. నేను "శనివారం చేస్తా, నాకేం భయం" అంటి. అంటి గాని, ఇంత కాలం తోలినా నా మాట చెల్లల్యా అని లోపల శానా మంటగా ఉండె.

నేను ఇంటికి పోతానే మీ అవ్వ ఇనింది. "మా అన్న తుమ్మలపల్లె గనిలో పని చేస్తాండాడు గదా, ఆడికే పోదాం పా, ఈ మాటలు పడేదెందుకు" అనె. "ఇప్పుడు పోతే తప్పు చేసి పారిపాయె అంటారు, ఈ మాట తీరందే నేను కదలను" అన్నా. నింద లేందే బొంది పోదు అంటారు పెద్దోళ్లు, నిజమే గాని, మన మీదికి వస్తే తెలుస్తాది.

మల్ల దినం దస్తగిరి ఏం చేసెనంటే, ఇంజను కొంచెంసేపు స్టార్టు చేయించి, పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకోని ఇనె. అట్ల ఈడ, అట్ల ఆడ. ఇని, "శెట్టీ, బేరింగు పోతే సప్పుడు కిందనుంచి రావల్ల. ఇది పైనుంచి వస్తాది. ప్రమాణం యాడికీ పోదు, ముందు నన్ను ఇప్పనీ" అనె.

నిజం చెప్తా. ఇన్నేండ్లు ఇంజను మింద కూర్చోని తోలినోన్ని, దాని కడుపులో ఏముంటాదో ఒగసారన్నా చూసింటినా? చూడ్లే. పై మూత లేపేతలికి నా కష్టమే మరిచిపోతి. మూడో పిస్టను మొగం చూడల్ల నువ్వు, జొన్నరొట్టె తట్టేటప్పుడు ఏళ్ల గుర్తులు పడతాయి సూడు, అట్ల గుంతలు గుంతలు. ఆ పైన ఉండే, గాలిని లోపలికి ఇడిసే వాల్వు ఒంగిపోయిండాది. "ఏదో ఇనుప ముక్క లోపలికి పోయి పిస్టనుకూ మూతకూ నడుమ నలిగింది" అనె దస్తగిరి. మల్ల కింద ఇప్పి చూపిచ్చె. బేరింగులు అద్దం మాదిరి ఉండాయి, ఆయిలు కారతాండాది. "ఆయిలు లేని ఇంజను గాదు ఇది" అనె.

నాకు పాణం లేచొచ్చె. ఏం లాభం? శెట్టి, "మరి ఇనుము లోపలికి ఎట్ల పోయె? బండి ముట్టేది నువ్వొక్కడివే గదప్పా" అనె. మల్ల నా మెడకే.

ఇంగొగ ఇచిత్రం. రెండో పిస్టను మింద గూడా గుర్తులుండాయి, సన్నగా. నేను ఊరికే ఉండలేక, "దస్తగిరన్నా, ఒగో పిస్టనుకు దేని గది దానిది గదా, ముక్క గోడ దాటి ఎట్ల పోయె?" అని అడిగినా. ఆయన నవ్వె. "గోడ దాటలేదురా. వాల్వు ఒంగినంక సరిగ్గా మూసుకోదు గదా, లోపలి గాలి ఎనక్కి తంతాది. ముక్క వచ్చిన దోవనే గాలి గొట్టంలోకి పోతాది. పక్క గది గాలి పీల్చినప్పుడు దీన్ని గూడా పీలుస్తాది" అని చెప్పె. గాలి గొట్టమంటే మానిఫోల్డు అంటారు తల్లీ, నాలుగు గదులకూ గాలి పంచేది అదే. స్క్రూ పక్కింటికి సుట్టంగా పోయొచ్చినట్టు! నేను నోరు తెరుచుకోని ఇంటాండా.

మానిఫోల్డు ఇప్పి డీజిల్లో కడిగి, పాత స్పీకరులోని అయస్కాంతం తిప్పితే ముక్కలు అంటుకోనొచ్చె. దస్తగిరికి ఒగ పద్ధతి. ముక్కలన్నీ పళ్లెంలో పెట్టి, ఒగదానికొకటి జోడించి, ఇరిగిన వస్తువు మొత్తమయ్యేదాంకా ఇంజను మూయడు. ఒగ ముక్క లోపల మిగిలితే కొత్త పిస్టన్ను గూడా తింటాది గదా. జోడిస్తే అది స్క్రూ. తల ఉండాది, నడుము ఉండాది, కొన లేదు. అంతా ఎతికితే గొట్టం వంపులో, మసిలో ఇరుక్కోనుండె. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఇంత బండిని కూలదోసింది గోరంత స్క్రూ!

అది యాడిదని చూస్తే, గొట్టం మొగం కాడ గాలికి అడ్డంగా తిరిగే గుండ్రటి రేకు ఒగటుండాది. దాన్ని రెండు స్క్రూలు పట్టుకోనుంటాయి. ఒగటి ఊడిపాయె, ఇంగొగటి వదులుగా ఊగుతాండాది. "కంపెనీలో దీని కొన సుత్తితో గుద్ది ఎడల్పు చేసి పంపుతారు, తిరిగి ఊడకుండా. దీన్ని ఎవరో బలంగా ఇప్పి, ఊరికే బిగిచ్చినారు" అనె దస్తగిరి. రేకును ఎలుగులో పట్టి చూసి, "గొట్టమంతా ఇంత మందాన మసి ఉండాది, రేకు మింద మాత్రం పల్చగా. ఎవరో తోమినారు" అనె.

అందరూ నా తట్టు చూసిరి. ఆ రేకు ఉండాదని గూడా నాకు తెల్దు తల్లీ.

శెట్టి ఆ రేకు చేతిలోకి తీసుకోని బొటనేలితో రుద్ది చూసె. మల్ల నిదానంగా, "దస్తగిరీ, తోమింది నేనే" అనె.

ఏమి జరిగెనంటే, ఆయుధపూజకు ముందర ఆ బండి శెట్టే కడిగె. ఈయప్ప చిన్నప్పుడు వాళ్ల నాయన తక్కెడ, తూకం రాళ్లు ఇచ్చి తోమిచ్చేటోడంట. అన్నం పెట్టే వస్తువును పనోళ్ల చేత కడిగించగూడదు, మన చేత్తోనే కడగల్ల అని. బండి గూడా తక్కెడ లాంటిదే గదా అని ఈయప్ప నన్ను ముట్టనియ్యకుండా ఇంటికి పంపి, ఒగడే గాలి పోయే రబ్బరు గొట్టం ఇప్పి చూసినాడు, లోపల రేకు నల్లగా ఉండాది. అమ్మవారి ముందర నిలబెట్టే బండికి లోపల మసి ఉంటే ఎట్ల అని, స్క్రూలు ఇప్పి, చింతపండు పెట్టి తోమి, మల్ల బిగిచ్చినాడు.

చూసినోడు ఎవడూ లేడు. నోరు మూసుకోనుంటే తప్పు నా మిందనే ఉంటాండె. ఆ మనిషి మండీ వాళ్లందరి ముందర, "మద్దిలేటీ, తప్పు నాది, నింద నీ మింద ఏసినా" అనె. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగె. నేను ఏం అడిగినానో తెలుసునా? "సావుకారీ, చింతపండుకు మసి పోయిందా?" అని! దస్తగిరి పడి పడి నవ్వె. శెట్టి గూడా కండ్లు తుడుచుకుంటా, "పోయిందప్పా, మిలమిలా మెరిసె" అనె.

ఇంటికొచ్చి అన్నం కాడ కూర్చుంటి. మీ అవ్వకు చెప్పబడితిని చూడు, పిస్టను ఎట్లుంటాది, వాల్వు ఎట్ల ఒంగుతాది, గాలి ఎట్ల ఎనక్కి తంతాది, స్క్రూ పక్క గదికి ఎట్ల పోతాది, పచ్చిమిరపకాయ తొడిమ పట్టుకోని తిప్పి తిప్పి చూపిస్తాండా. సంగటి ఆరిపాయె. ఆయమ్మ ఇని, ఇని, ఇని, ఆఖరికి, "ఆ స్క్రూ యాడన్నా పోనీ సామీ, నీ మింద ఏసిన మాట పోయిందా లేదా అది చెప్పు!" అని ఏడ్చె.

"ఓ, అదా? పోయిందిలే" అన్నా.

గరిటె తీసుకోని కొట్టనొచ్చె. ఏడుస్తానే, నవ్వుతానే...

సాలులే తల్లీ. నువ్వు గూడా అడుగుతాండావే, ఇట్లనే అడుగుతాండు, తెలిసేదాంకా అడుగుతాండు. సల్లగుండు. నూరేండ్లు... ఏందీ, ఆ రికార్డు ఇంగా తిరుగుతానే ఉండాదా?