ఐదో ఫొటోకి దండ

దండెందుకేసావు బావా? నాలుగు ఫొటోలకి వెయ్యమన్నాను. ఐదోదానికి వొద్దన్నాను. వాయిస్ మెసేజ్ పెట్టాను. నువ్వు వినవని మళ్లీ టైపు సేసి కూడా పెట్టాను. ఇదిగో సూడు. 'ఐదో ఫొటో పక్కగా, దండ లేకండా. కింద ఇంకా ఆచూకీ తెలీలేదు అని రాయి.' రాసానా లేదా?

ఏటి? నాలుగింటికుండి ఒకదానికి లేకపోతే బోసిగా కనబడతాదా? బోసిగా ఉండాలనే కదా సెప్పింది.

వొద్దు, టీ వొద్దు. ఆ ప్రింటు మిషన్ కాసేపు ఆపు. దాని సప్పుడుకి నా మాట నాకే వినబడ్డం లేదు. ఉషక్క మొగుడివి కాబట్టి నీ మీద అరస్తన్నాను గానీ, ఇంకో షాపైతే ఫ్లెక్సీ గుమ్మంలో పడేసి పోదును.

అసలు మొదటిసారి నువ్వేటి రాసి పంపావు? 'రష్యా అమరులకు నివాళి.' నేను సూసాను కాబట్టి సరిపోయింది. పోన్లే, దానికి నిన్నొక్కడినే అనలేను. మా తిరుమలరావు సిన్నాన్న ఉక్రెయిన్లో డాక్టరీ సదివి, అక్కడే ఒలేనా పిన్నిని పెళ్లాడి తెచ్చాడు. ఆ రోజునుంచి చీపురుపల్లి మొత్తానికీ ఆవిడ రష్యా డాక్టరమ్మే. 'ఏటో ఒకటి, పిలిస్తే సాల్లే' అనీది పిన్ని. యుద్ధమొచ్చేక మాత్రం ఊరుకోడం లేదు. బీపీ సూస్తూనే సెప్తాది, 'రష్యా కాదు తాతా, ఉక్రెయిన్. మా ఊరి మీద బాంబులేసేది రష్యావోళ్లు' అని. ఆ తాతలు శ్రద్ధగా విని, 'అలాగే రష్యా డాక్టరమ్మా' అని మందుల సీటీ పట్టుకొని ఎల్లిపోతారు.

నవ్వు, పర్లేదు. పిన్ని కూడా నవ్వుతాది.

నువ్వు ఎప్పుడూ రాలేదు కదా ఆళ్ల మీటింగుకి. యుద్ధం మొదలైన రోజున, ఫిబ్రవరిలో, ఏటేటా ఒకసోట కలుస్తారు. విశాఖపట్నం నుంచి నలుగురు, శ్రీకాకుళం నుంచి ఒకావిడ, మా పిన్ని. అందరూ మనోళ్లని సేసుకొని వొచ్చినోళ్లే. ఎర్ర దారం, నల్ల దారంతో కుట్టుపని సేసిన తెల్ల జాకెట్లు వేసుకుంటారు. ఆళ్ల అమ్మలు కుట్టి పంపినవి. మా పిన్నిది బిగువైపోతే సేతులు రెండూ కోసి సీర జాకెట్టుకి అతికించుకుంది. గోధుమలు కుక్కర్లో ఉడకేసి, తేనె, గసగసాలు కలిపి, పోయినోళ్లని తలుసుకొని తలో సెంచాడు తింటారు. పాటలు పాడతారు. పిల్లలు మరిసిపోకండా ఆళ్ల భాషలో పద్యాలు సెప్పిస్తారు. ఆ పిల్లలు అదీ మన యాసలోనే సెప్తారు.

ఈసారి మన విజయనగరంలో పెట్టారు. ఫ్లెక్సీ పని నాకు అప్పగించారు. నేనే అడిగి తీసుకున్నాను. మొదలెట్టి వొగ్గేసిన సదువులు నాకెన్ని ఉన్నాయో నీకు తెలుసు. ఇదొక్కటైనా సివరిదాకా సేద్దామనుకున్నాను.

ఆ నాలుగు ఫొటోలూ ఈ ఆడోళ్ల తాలూకు యుద్ధంలో పోయినోళ్లవి. ఐదో ఫొటో ఆండ్రీది. పిన్ని తమ్ముడు, యుద్ధానికి ఎల్లినోడు. పోయినేడు సలికాలం ముందు యుద్ధంలోంచి ఫోన్ ఆగిపోయింది. ఖైదీల్లో లేడు. శవాల్లో లేడు. పక్కనున్నోళ్లని అడిగితే పొగలో సూడలేదన్నారు. సచ్చిపోయాడని మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు. నువ్వే అన్నావు, మొదట.

తెలియక సేసావు, సరే. కానీ విను. పిన్నివాళ్లమ్మ ఇంకా ఆళ్ల ఊళ్లోనే ఉంది. పొల్తావా. రమ్మంటే రాదు. కొడుకొస్తే తలుపెవరు తీస్తారంటాది. అక్కడ గుళ్లో బతికున్నోళ్ల పేర్లు ఒకసారి, పోయినోళ్ల పేర్లు ఒకసారి సదువుతారట. ఈ ముసలమ్మ ఆండ్రీ పేరు బతికున్నోళ్లలోనే సదివిస్తాది. పూజారి తడబడి రెండోవైపు సదివాడని ఒకసారి గుళ్లోనే దెబ్బలాడిందట.

మీటింగు రోజు నువ్వు పంపిన ఫ్లెక్సీని సిన్నాన్న కట్టించేసాడు. ఎవరో పేషెంటుతో ఫోన్లో ఉన్నాడు, సూసుకోలేదు. నేనూ పిన్నీ గోధుమల గిన్నె పట్టుకొని లోపలికొచ్చాం.

పిన్ని ఆగిపోయింది.

మిగతా ఆడోళ్లకేటీ అనిపించలేదు. ఆళ్ల దేశంలో పోయినోళ్ల ఫొటోకి మూలన నల్ల రిబ్బన్ కడతారు గానీ దండ వెయ్యరు. విశాఖపట్నం ఆవిడొకర్తి 'పువ్వులు శానా బాగున్నాయి' అని కూడా అన్నాది. ఇక్కడ మంత్రులకి దండలెయ్యడం సూసింది కదా, గౌరవమనుకుంది. కానీ మా పిన్ని మన కోడలు బావా. మా తాతయ్య ఫొటోకి ఏటేటా దండ మార్చీది ఆవిడే. ఫొటోకి దండంటే ఏటో ఆవిడికి మనతో సమానంగా తెలుసు.

ఏడవలేదు. అరవలేదు. గిన్నె బల్ల మీద పెట్టి, కుర్చీ ఇటు తిప్పుకొని, ఫ్లెక్సీకి ఈపు పెట్టి కూర్చుంది. అంతే.

తీయించేద్దామని నేను స్టేజి మెట్ల మీదికి ఉరికేసరికి వీడియో కాల్ వొచ్చింది. ముసలమ్మ. అక్కడ కరెంటు లేదు, కోటేసుకొని, టార్చి ఎలుగులో కూర్చుంది. మీటింగు సూపించమంది. పిన్ని ఫోన్ నా సేతిలో పెట్టి మొహం తిప్పేసుకుంది.

'ఆండ్రీని సూపించు' అన్నాది ముసలమ్మ.

సూపించాను. ఏం సెయ్యమంటావు? మిగతా నాలుగింటి దండలూ కనబడకండా దగ్గరగా పట్టాను. కాసేపు సూసి అడిగింది, 'మావోడి మెడలో ఆ పువ్వులేటి?' అని.

నాకొచ్చిన ఉక్రెయిన్ భాష ఎంత? ఫోన్లో సూసి నేర్చుకున్నదే కదా. గౌరవం అనే మాట కోసం ఎతికాను, నోటికి రాలేదు. వొచ్చిన మాటొకటే. పెళ్లికొడుకు.

ఆ మాట ఎలాగొచ్చిందో తెలుసా? ఆండ్రీయే నేర్పాడు. కరోనాకి ముందేడు సిరిమాను పండక్కొచ్చాడు కదా, ఎండకి టమాటాపండులాగయిపోయి. మా నానమ్మ అప్పుడు బతికే ఉంది. 'ఒసే కుమారీ, పిన్ని తమ్ముడంటే నీకు మావ వరసే. ఇంత పొడుగున్నాడు, నిచ్చెన్లేకండా కొబ్బరికాయలు దింపుతాడు, సేసేసుకో' అన్నాది. అందరూ పడి పడి నవ్వారు. ఎందుకు నవ్వుతన్నారని ఆడు అడిగితే పిన్ని ఇడమరిసి సెప్పింది. ఆడు లేసి నిలబడి, గుండె మీద సెయ్యేసుకొని, ఆళ్ల భాషలో 'నేనే పెళ్లికొడుకుని' అన్నాడు. ఆ మాట నా సేత పదిసార్లు పలికించాడు. ఆ తరవాత పిన్నితో ఫోన్ మాట్లాడినప్పుడల్లా ఎనకనుంచి 'కుమారీ, మావ బాగున్నాడు' అని అరిసీవాడు. నేనడక్కండానే.

ప్రేమా? ఛ, కాదు బావా. అలాటిదేటీ లేదు. ఫోన్లో వినబడే ఒక నవ్వు, అంతే.

అదే సెప్పాను ముసలమ్మకి. 'ఇక్కడ పెళ్లికొడుకులకి వేస్తారు' అని. అబద్ధమా? నువ్వు నీ పెళ్లికి వేసుకోలేదా?

ముసలమ్మ నవ్వింది. ఆండ్రీ కబురు ఆగిపోయేక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. టార్చి ఊగిపోయింది. 'మరి పెళ్లికూతురెవరు?' అన్నాది.

'నేనే' అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలీదు. వరస ఉంది కదా. లేని వరస సెప్పలేదు కదా.

పిన్ని అప్పుడు నావైపు తిరిగింది. మీటింగయ్యేక కార్లో ఇంటికొస్తన్నాం. నెల్లిమర్ల దాటేక నా సెయ్యి పట్టుకొని అన్నాది, 'నువ్వు మాయమ్మకి మాటిచ్చేసావు కుమారీ. నేను కాదనలేను. నువ్వూ అనకు. రేపు మళ్లీ ఫోన్ సేస్తాది. ఎత్తు.'

సేసింది. రోజూ సేస్తంది. కరెంటున్నప్పుడు సేస్తాది, లేనప్పుడూ సేస్తాది. ఆళ్ల భాషలో కోడలికి ఒక మాటుంది, అలా పిలుస్తాది నన్ను. తిన్నావా అంటాది. ఆండ్రీకి ఉల్లిపాయ పడదు, కూరలో వెయ్యకంటాది. నేను పలుకుతన్నాను బావా. సరే అత్తా, వెయ్యను అంటన్నాను.

అదీ సంగతి. దెబ్బలాటకి రాలేదు నేను. ఇంకోటి సేసియ్యాలి, ఆండ్రీ ఫొటో ఒక్కటే. ఆవిడ ఆ ఫొటో అడిగింది, గోడకి పెట్టుకుంటాదట. దండ తియ్యకు. తీసేస్తే ఏమైందని అడుగుతాది. ఆ తెల్ల దండ మాత్రం మార్చు. నీ పెళ్లి ఫ్లెక్సీల్లో ఎర్ర గులాబీల దండుంటాది కదా, అది వెయ్యి. ఫైల్ ఇయ్యి, నేనే పంపుకుంటాను.

ఏటి? ఏటన్నావు?

పెళ్లి ఫ్లెక్సీలో పెళ్లికొడుకొక్కడే ఉంటే బోసిగా ఉంటాదా.

ఊ. ఆవిడ కూడా అదే అడిగింది. పక్కన నువ్వు లేవేటి అని.

నా ఫోన్లో ఒకటుంది, పంపుతన్నాను. సీర కట్టుకున్నది. నాకూ దండ వెయ్యి, అలాటిదే. మాయమ్మకి తెలియనీకు. ఉషక్కకీ వొద్దు.

ఆడు తిరిగొస్తే ఇది సూసుకొని అందరం నవ్వుకుంటాం. వరసలన్నీ తెలిసినోడివి కదా, ఒకటి సెప్పు బావా. రాకపోతే నేనేటి అవుతాను?

సర్లే. నీకు మాత్రం ఏటి తెలుసు. వెయ్యి, దండ వెయ్యి.