పద్నాలుగో మడి

“కళ్లజోడు తేలేదంటావు. చదివి వినిపిస్తానంటే వద్దంటావు. ఒక్క సంతకానికి ఇంత నానుస్తావేం భద్రయ్యా!”

సైనిక్‌పురిలో ఝాన్సీలక్ష్మి గారి వరండా. బల్ల మీద ఆవిడ రాసిన కాగితం, ఎదురుగా కుర్చీ అంచున, ఎనిమిదేళ్లుగా ఆవిడ వరి మళ్లు కాచిన భద్రయ్య.

“చాయ్ మంచిగున్నది మేడం. అల్లం ఏసిన్రా?”

“మాట మార్చకు. రేపు పదింటికి బేగంపేటలో విత్తనాల కమిటీ. మందుబస్తా మొహం చూడకుండా పండే వరి వంగడం కోసం ఎనిమిదేళ్లు...”

“నాకు తెల్వదా మేడం? నేను లేనా?”

“ఉన్నావు కనకే అడుగుతున్నాను. ‘ఈ మళ్లలో ఎనిమిదేళ్లుగా యూరియా ఒక్క పలుకైనా పడలేదు.’ అంతే రాశాను. కింద సాక్షివి నువ్వు.”

“గా రైతుల సంగతి ఏం రాసిన్రు?”

“ఏం రాస్తాను? పన్నెండు మందికి విత్తనం ఇచ్చాం. పన్నెండు చేలూ పసుపు గుడ్డలు ఆరేసినట్టున్నాయి. పశువుల ఎరువు సరిగా వేయలేదని రాశాను.”

“ఏసిన్రు మేడం. నేను పోయి చూసిన. వాళ్లల్ల హరికిషనైతె పెంటకుప్ప అంత ఊడ్చి తోలిండు.”

“మరి మన దగ్గర నిగనిగలాడిన పైరు వాళ్ల దగ్గరెందుకు చచ్చింది? వాళ్లన్నా అబద్ధమాడాలి, నా విత్తనమన్నా అబద్ధమాడాలి.”

“జెర ఆగున్రి...”

“ఆగను. ఆ పన్నెండు మందినీ జాబితాలోంచి తీసేస్తున్నాను. పెట్టు సంతకం.”

“పెట్టలేను మేడం.”

“ఎవరొద్దన్నారు?”

“ఎవ్వలు అనలే. మొదటి ఏడు యాదికున్నదా? పెద్దసార్లు వచ్చి మన మళ్లు చూసి నవ్విన్రు. మీరు మోటరు గదిల నిలవడి ఏడ్చిన్రు.”

“...చూశావా?”

“చూసిన. తెల్లారి తువ్వాలల కట్టుకొచ్చిన.”

“ఏం కట్టుకొచ్చావు?”

“జెరంతనే మేడం. మడికి పిడికెడు.”

“ఏం కట్టుకొచ్చావు భద్రయ్యా?”

“యూరియా.”

“మళ్లీ చెప్పు.”

“పసిబిడ్డ పాలకేడుస్తుంటె చూసుకుంట కూసుంటమా? పైరు గట్ల పాలిపోతుంటె పానం ఆగలే.”

“ఒక్క ఏడాదే కదూ? చెప్పు, ఒక్క ఏడాదే.”

“పైరు పచ్చవడ్డది, మీరు నవ్వుడు షురూ చేసిన్రు. ఇగ బంద్ చేయబుద్ధి కాలే. ఏటేట ఏసిన.”

“అంటే ఏటా నేను మంచి మొక్కని ఏరి, దాని విత్తనమే కట్టి, మళ్లీ నాటి... ఎనిమిదేళ్లూ యూరియా బాగా తినేదాన్నే ఏరాను!”

“తిట్టున్రి మేడం.”

“తిట్టను. తిడితే నీకు బరువు దిగిపోతుంది.”

“గా కాగితం చింపున్రి. రైతుల తప్పు లేదు.”

“అన్ని మళ్లకూ వేశావా? ఒక్కటీ వదల్లేదా?”

“పద్నాలుగో మడికి ఏయలే.”

“మర్చిపోయావా?”

“లే. దానికి అక్కర పడలే. ఏం ఏయకున్నా పచ్చగుండె. అడుగున గడ్డిని సుత లేవనియ్యలే. గని పక్కమళ్ల కంటె జానెడు పొట్టి.”

“పద్నాలుగు... ఐదో ఏడు విడిగా నాటిన రకం కదూ? పొట్టిగా ఉందని నేనే...”

“పీకి బర్లకు ఏయమన్నరు.”

“ఒక్క కంకి దాచలేదా? ఇన్నేళ్లు నా మాట దాటినవాడివి, గుప్పెడు గింజలు... గుప్పెడు!”

“లే మేడం. గా ఒక్కపారి మీరు చెప్పినట్టే చేసిన.”