స్పానర్ వదలకు

ఇంటి కింది షెడ్డు. బానెట్ తీసిన స్పోర్ట్స్ కారు. ఇంజిన్ మీదికి వంగి, రెండు చేతులతో స్పానర్ పట్టుకున్న భార్య. అవతలి పక్కన, స్కానర్ తెర తనవైపు తిప్పుకుని భర్త.

"తిని మొదలుపెడదామంటే విన్నారా? పైనుంచి అత్తయ్య పిలుస్తూనే ఉన్నారు."

"సెన్సార్ పెట్టేసి తిందామన్నాను. అంతేగా."

"పొద్దుట్నుంచీ అంతేగా, అంతేగా. నా మణికట్టు పడిపోతోందండీ."

"స్పానర్ మాత్రం వదలకు. వదిలావా, స్ప్రింగుల బలానికి క్యామ్‌షాఫ్ట్ గిర్రున తిరుగుతుంది. వాల్వులు వంగిపోతాయి. ఇల్లమ్మినా ఈ కారాయన శాంతించడు."

"తెలుసు. పట్టుకున్నది నేనేగా. తెరమీద ఎంతుంది?"

"కొంచెం తేడా ఉంది."

"ఎటు?"

"ఇటే. కొంచెం. ఉండు, స్క్రూ వదులు చేసి సెన్సార్ని జరుపుతా."

"ఇందాకా అదే అన్నారు."

"చిన్నదని తీసిపారేయకు. క్యామ్ ఎక్కడుందో ఇంజిన్‌కి చెప్పేది అదే. వెంట్రుకంత తప్పినా బండి దగ్గుతుంది."

"నాకెందుకు ఈ పాఠం... బల్లమీద నా ఫోన్ మోగుతోంది."

"మోగనీ."

"ఎవరో చూడండి."

"లోన్ కావాలా అని అడిగేవాళ్ళయి ఉంటారు."

"చూసి చెప్పండి. బస్సు డిపోవాళ్ళయితే మాట్లాడాలి. రెండింటిలోపు ఏ సంగతీ చెప్పకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీకు తెలుసు."

"నా చేతులకి గ్రీజు."

"నా చెవి దగ్గర పెడితే చాలు."

"గ్రీజంటే వినవే? అదిగో, ఆగిపోయింది. మళ్ళీ చేస్తార్లే."

"రెండు దాటాక చేస్తారా?"

"నేను వద్దన్నానా? వెళ్ళు. ఈ కారు అయ్యాక."

"పోయిన కారప్పుడూ ఇదే మాట."

"మరి నువ్వు పోతే ఇది ఎవరు పట్టుకుంటారు? నువ్వే చెప్పు. నీ చేయి వణకదు. ఇంకొకరి చేతికిచ్చి నేను స్థిమితంగా స్క్రూ తిప్పలేను."

"పొగుడుతున్నారా, కట్టేస్తున్నారా?"

"ఉన్నమాట చెప్పాను."

"క్యాములు కదలకుండా బిగించే పలక తెప్పిస్తే సరిపోయేది. మీకూ స్థిమితం, నాకూ స్థిమితం."

"తెప్పిద్దాం. తొందరేముంది? కదలకు, కదలకు."

"కదల్లేదు. కదిలే వీలెక్కడిది?"

"ఒరేయ్, అన్నం చల్లారిపోయింది. మీ నాన్న ఖాళీ కంచం ముందు కూర్చుని మెట్లవైపు చూస్తున్నారు."

"వస్తున్నాం అమ్మా. నువ్వు ఇటు రాకు, నూనె ఉంది, జారతావు."

"నువ్వు పుట్టకముందు నుంచీ తిరుగుతున్నాను ఈ షెడ్డులో. నాకు చెప్తున్నావా? ఏమ్మా, చెమటలు కారిపోతున్నాయి. ఇంకా ఎంతసేపు?"

"ఆ తెరమీద సున్నా రావాలి అత్తయ్యా. వస్తే సరిపోయినట్టే. మీ అబ్బాయి అన్నీ బిగించేస్తే నేను చేయి తీసుకోవచ్చు."

"సున్నాయేగా ఉంది."

"అమ్మా."

"ఏంరా? ఇంత లావు సున్నా, కళ్ళజోడు లేకుండానే కనిపిస్తోంది. ఇందాక మంచినీళ్ళిచ్చినప్పుడూ అదే ఉంది. నాకేం తెలుసు, రావాల్సింది ఇంకేదో అనుకున్నాను."

"ఏమండీ."

"అది... ఒక్కోసారి తప్పు చూపిస్తుంది."

"ఎప్పుడొచ్చింది సున్నా?"

"చూడు, నేనేమంటున్నానంటే..."

"ఎప్పుడొచ్చిందండీ?"

"రెండు దాటితే చాలనుకున్నాను. అంతే."

"అంతేగా."

"నువ్వు లేకుండా ఈ షెడ్డు తలుచుకుంటే నాకు... సరే. తప్పే. స్పానర్ మాత్రం వదలకే."

"వదలను. అత్తయ్యా, టైమెంత?"

"రెండు కావస్తోంది."

"ఆ బల్లమీది ఫోన్ తీసి, ఆఖరుగా వచ్చిన నంబరు నొక్కండి. నా చెవి దగ్గర పెట్టండి."

"మోగుతోందమ్మా. మీ మామయ్య కూడా దిగొచ్చారు, అదిగో."

"ఏమైందమ్మా? ఎవరూ పైకి రారేం?"

"ఏం కాలేదు మామయ్యా, ఇలా వచ్చి నిలబడండి. హలో... అవునండీ, నేనే. ఒక్క నిమిషం, మావాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు, వాళ్ళకీ వినబడాలి. సోమవారం పనిలో చేరుతున్నాను."