ముప్పయ్యో తేదీన ఆగిపోయిన డిస్కు

పేరు, చిరునామా పోలీసు అధికారి ఈ కాగితం పైన రాసుకున్నారు. వయసు నలభై తొమ్మిది. పాడైన కంప్యూటర్ డిస్కుల నుంచి సమాచారం బయటికి తీయడం నా వృత్తి. ఇరవై రెండేళ్లుగా అదే పని. మా వీధిలో నన్ను డిస్కులక్క అంటారు. నా మీద వచ్చిన ఫిర్యాదు దొంగతనమని చెప్పారు. నేను దొంగతనం చేయలేదు. చేసిందేమిటో వరసగా చెబుతాను. చేసినదాన్ని చేయలేదని బుకాయించను.

ఈ నెల పదో తేదీ ఉదయం పదిన్నరకు లిఫ్టుల మరమ్మతు కంపెనీ మేనేజరు ఒక పెట్టె తెచ్చాడు. అందులో జంట డిస్కులున్నాయి. ఒకదానిలో రాసింది అదే క్షణంలో రెండోదానిలోనూ పడుతుంది, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. చెరిపినా అంతే, రెండింటిలోనూ చెరుగుతుంది. రెండు రోజులుగా పెట్టె తెరుచుకోవడం లేదని, ఆఫీసు కాగితాలన్నీ అందులోనే ఉన్నాయని అన్నాడు. నేను డిస్కు మీద నేరుగా పని చేయను. ముందు మొత్తానికి మొత్తం నకలు తీసి, ఆ నకలు మీదే పని చేస్తాను. అలా చేయడానికి ఒప్పుకుంటూ మేనేజరు సంతకం పెట్టాడు.

పదకొండో తేదీ శనివారం ఉదయం పదకొండింటికి నకళ్లు పూర్తయ్యాయి. ఒక డిస్కు ఈ నెల ఎనిమిది దాకా నడిచింది. రెండోది కిందటి నెల ముప్పయ్యో తేదీనే ఆగిపోయింది. అలా ఒకటి ఆగితే పెట్టె కూత పెట్టాలి. విప్పి చూస్తే కూత పెట్టే బిళ్ల మీద మూడు పొరలు టేపు అంటించి ఉంది. మేనేజరుకు ఫోన్ చేశాను.

“ఒకటే కూతండీ, ప్రాణం తీసేసింది. ఏ బటన్ నొక్కినా ఊరుకోదే. టేపేసి పడేశా,” అన్నాడు.

నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేసి పనిలో పడ్డాను.

తీసిన ఫైళ్లు సరిగా ఉన్నాయో లేదో తెలియాలంటే ఒకే ఫైలును రెండు డిస్కుల నుంచీ తీసి పోల్చాలి. లిఫ్టుల్లో లోపాలను మెకానిక్‌లు రాసే ఫిర్యాదుల పుస్తకం ఫైలు పోల్చాను. ముందు ఆగిపోయిన డిస్కులోది పెద్దదిగా ఉంది. తర్వాత కూడా నడిచిన డిస్కులోది చిన్నదిగా ఉంది. ఫిర్యాదుల పుస్తకం పెరుగుతుంది గానీ తరగదు. తేడా మూడు ఎంట్రీలు. కిందటి నెల పద్దెనిమిది, ఇరవై రెండు, ఇరవై ఆరు. మూడూ ఒకే మెకానిక్ రాసినవి. ఆరంతస్తుల భవనంలో లిఫ్టు తాడు పోగులు తెగుతున్నాయి, లిఫ్టు ఆపేయాలి. మూడుసార్లూ అదే మాట. మూడోసారి చివర ‘దయచేసి’ అని చేర్చాడు.

ఆ లిఫ్టు ఈ నెల నాలుగున కూలింది. పేపర్లో చదివాను. అందులో ఉన్నది ఆ మెకానిక్కే. నడుము విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. లోపం తమకు చెప్పలేదని కంపెనీ అతని మీదే కేసు పెట్టింది. చిన్న పుస్తకాన్ని చివరిసారి మార్చింది అయిదో తేదీ ఉదయం తొమ్మిది పదికి. రెండో డిస్కు అప్పటికే ఆగిపోయింది కాబట్టి దానిలోవి చెరగలేదు.

మేనేజరుకు మళ్లీ ఫోన్ చేసి, రెండు పుస్తకాల్లో ఏది కావాలని అడిగాను. అరగంటలో యజమానే వచ్చాడు.

“ఆ పాత చెత్త మాకెందుకమ్మా? తుడిచేసి, మంచిదాన్ని దాన్లోకి ఎక్కించెయ్. నీ నకళ్లు కూడా తీసెయ్.”

“తుడవనండి.”

“డిస్కు నాది.”

“మీదే. పట్టుకెళ్లండి. నకళ్లు మాత్రం తీసెయ్యను.”

“అతను నీకేమవుతాడు?”

“ఏమీ కాడు.”

ఇప్పుడు అధికారి కూడా అదే అడిగారు. ఏమీ కాడు. అప్పటికి అతని మొహం కూడా నేను చూడలేదు. అతను రాసిన ‘దయచేసి’ చూశాను.

ముందు పోలీసుల దగ్గరికి ఎందుకు రాలేదని అడిగారు. వచ్చాను. శనివారం సాయంత్రం నాలుగింటికి, ఈ గదికే. ఆ బల్ల దగ్గరున్నాయన సోమవారం రమ్మన్నారు. ఇవాళ సోమవారం. నేను వచ్చేసరికి, నకళ్లు దొంగిలించానని యజమాని ఇచ్చిన ఫిర్యాదు నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

శనివారం ఇక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. మెకానిక్ నిద్రలో ఉన్నాడు. అతని భార్యకు ఆ మూడు ఎంట్రీలు చూపించాను.

“మూడుసార్లు రాశా, మూడుసార్లు రాశా అంటూనే ఉన్నాడక్కా,” అంది. “మందుల మత్తులో అంటున్నాడనుకున్నా. నేనే నమ్మలేదు.”

ఆమెకు వాటి నకలు ఒకటి ఇచ్చాను. ఇరవై రెండేళ్లలో ఎవరి ఫోటో గానీ, ఎవరి ఉత్తరం గానీ నా గుమ్మం దాటలేదు. దాటనివ్వకూడదని నాకొకరు చెప్పక్కర్లేదు. ఇది దాటింది, నేనే దాటించాను. ఇలాంటిదే ఇంకోటి వస్తే అదీ దాటిస్తాను.

రెండో నకలు ఇప్పుడు అధికారి ముందు పెట్టాను. అందినట్టు రాసిచ్చేదాకా సంతకం చేయనన్నాను. నాలుగూ యాభైకి రాసిచ్చారు. మూడు ఎంట్రీల తేదీలూ అందులో వేయించుకున్నాను.

తర్వాత ఇదంతా చదివి వినిపించారు. చివర ‘జరిగినదానికి చింతిస్తున్నాను’ అని ఉంది. అది నేను చెప్పలేదు, కొట్టేయమన్నాను.

“అందరి కాగితాల్లోనూ ఉండేదేనమ్మా అది,” అన్నారు అధికారి.

“ఇందులో ఉండదండి,” అన్నాను.

కొట్టేసిన ఆ ఒక్క వాక్యం తప్ప, పైన రాసినదంతా నేను చెప్పినదే, నిజమే.

(సంతకం)