వదిలెయ్యమన్న పాఠం

ఆడిట్ పరీక్షలో వదిన తప్పింది, ఆడపడుచు గట్టెక్కింది. ఆఫీసు క్యాంటీన్లో వదిన లోపల కుళ్లుకుంటూనే పైకి నవ్వుతూ అడిగింది.

“నాకంటే ఎక్కువ ఏం చదివావే నువ్వు?”

“చదువు నీదే ఎక్కువ వదినా. నేను ప్రతి ప్రశ్నలోనూ ముందు చివరి వాక్యం చూసి, అడిగినంతే రాశాను.”

“నేను అడిషనల్ షీట్లు కూడా నింపాను. మోసాలు పట్టుకునే పాఠమైతే కామాలతో సహా దింపేశాను.”

“పరీక్షలో రాదు, వదిలెయ్యమని నాకు చెప్పావే, ఆ పాఠమేనా?”

వదిన చల్లారిన కాఫీని చెంచాతో కలుపుతూ కూర్చుంది.

“అయితే... వదిలేశావు కదా?”

“లేదు వదినా, నువ్వు చెప్పగానే అదే చదివాను. నోటిమాట ఒక్కటే సాక్ష్యంగా చాలదని ఆడిట్ మొదటి పాఠంలోనే ఉందిగా. అందులోనూ, చెప్పిన మనిషి కూడా అదే పరీక్ష రాస్తోందాయె.”