రెండు సగాలకీ బుడిపెలే

హలో… ఆ, నేనే, వదినని… మీ అన్నయ్య చెయ్యమనలేదులే. నా అంతట నేనే చేస్తున్నా. మ్యూజియం హాల్లోంచి…

ఆ, చెక్కబొమ్మ వచ్చింది. నీ చిన్న సగమూ వచ్చింది, మా పెద్ద సగమూ వచ్చింది. చూడ్డానికి రెండూ ముచ్చటగానే ఉన్నాయి. కలవట్లేదు, అంతే…

ఆగు, నన్ను చెప్పనీ. నీ చెక్కకి బుడిపెలున్నాయి. ఆయన చెక్కకీ బుడిపెలే. గుంటలు ఎవరూ తవ్వలేదు. ఎదురెదురు పెడితే పొట్టేళ్ళు ఢీకొన్నట్టున్నాయి…

గుంటలు ఎవరు తవ్వాలో ఆర్డరు కాగితం మీద రాయకపోతే? గోడ అవతలకి ఓ కేక వెయ్యలేవా? ఉన్నది ఒక్క షెడ్డు. మధ్యలో ఆ గోడ మీరు కట్టుకున్నదే…

అదే. ఆయనే అడగాలని నువ్వు, వాడే అడగాలని ఆయన. గుంట తవ్వితే తగ్గిపోయినట్టు. ఛీ. గడ్డాలు నెరిశాయి ఇద్దరికీ…

ఎవరు, ఆర్డరిచ్చిన మేడమా? ఆవిడ తిట్టినా బాగుండేది. కూర్చోబెట్టి పాఠం చెప్పింది… దీని గురించే, రైబోజోము. ప్రతి కణంలోనూ ఉంటాయట, ప్రోటీన్లు చేసే యంత్రాలు. రెండు సగాలూ ఒకే పోగులోంచి తెగి, వేటికవి విడిగా తయారవుతాయట. అయినా ఒకటి ఉరికి, ఒకటి వెనకబడకుండా కణం కనిపెట్టుకుని ఉంటుందట. ఒకవైపు పని చెడితే, మిగిలిపోయిన సామానే పోయి గోల పెడుతుందట, కణాన్ని పెరగడం ఆపమని. పనిలో దింపేముందు రెంటినీ ఓసారి జతచేసి చూస్తుందట. కుదరనిదాన్ని నలగ్గొట్టేస్తుందట…

నవ్వకు. కంటికి కనపడనిదానికి ఉన్న ఇంగితం మీకు లేదు. ఆవిడ ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు…

సాయంత్రానికి రెండు సగాలూ కలవాలి. లేకపోతే వెనక్కి పట్టుకుపొమ్మంది. వెనక్కొస్తే షెడ్డు మూసి ఎవరి దారి వాళ్ళు చూసుకోవడమేనని ఆయన అన్నారు. నువ్వూ అదే అన్నావటగా… అన్నావా లేదా?… మరి.

ఆయనా? నీ సగం చుట్టూ తిరిగారు. చేత్తో తడిమి చూశారు. "వాడి పని నాకంటే నున్నగా వస్తుంది" అన్నారు… అవును, నీ గురించే. ఇన్నాళ్ళూ గోడ అవతలకి ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు.

వాడి బుడిపెలు కోసి పారేసి అక్కడే గుంటలు తవ్వండి, పీడా పోతుంది అన్నా. "వాడి పని మీద నేను రంపం పెట్టను" అన్నారు…

ఆ చప్పుడు అదే… కాదు, నీది కాదు. తన బుడిపెలే కోసుకుంటున్నారు…

నేనాపలేను. నువ్వే వచ్చి ఆపుకో… ఏడుస్తున్నావా? చాల్లే, అసహ్యంగా. వచ్చేటప్పుడు నీ డ్రిల్లు తీసుకురా…

లేదు. ఆయనది చెడిపోయి ఎన్నాళ్ళయిందో. నీ డ్రిల్లు అడగాల్సి వస్తుందని గుంటల ఊసే ఎత్తలేదు…

అవును, అందుకే బుడిపెలు…

హలో?… ఉన్నావా?… బండి చప్పుడేనా అది? అయితే పెట్టేయ్ ఫోను.